పొరుగింటి నక్షత్రం

డిసెంబరు నెల ప్రవేశించగానే మన పేటల రూపు మారిపోతుంది. ఏడాది పాటు అటకమీద దుమ్ము పట్టి ఉన్న నక్షత్రపు చట్రాలు కిందికి దిగుతాయి. మందిరపు గోడలకు సున్నం వేస్తారు. యవ్వనస్థులు చందా పుస్తకం పట్టుకొని ఇంటింటికి తిరుగుతారు. వీధికి అడ్డంగా పురికొస కట్టి, మూడు మూలల రంగు కాగితాలు వరుసగా అంటిస్తారు. మందిరం ముందు ఒక సరుగుడు కొమ్మ నాటి, దానిమీద దూది పరచి మంచు అంటారు. మంచు ఎన్నడూ చూడని పిల్లలు ఆ దూదిని చూచి మురిసిపోతారు. పొడవాటి వెదురు గడలు ఇళ్ళమీదికి లేస్తాయి. చీకటి పడ్డాక పొలాల గట్లమీద నడిచి వచ్చే వారికి ఊరికంటే ముందు ఊరి నక్షత్రాలే కనిపిస్తాయి.

ఇదంతా మనకు తెలిసిన పండుగే. ఈ వ్యాసంలో మనం మాట్లాడుకోబోయేది ఆ వరుసలో చీకటిగా ఉండిపోయిన ఇంటిని గురించి.

నక్షత్రం లేని ఇల్లు

ప్రతి పేటలోను, ప్రతి సంవత్సరం, అటువంటి ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఆ ఇంటి ముందు గడ లేవదు. గోడకు సున్నం పడదు. "ఈ ఏడు మాకు పండుగ లేదమ్మా" అని ఇంటామె మెల్లగా చెబుతుంది. ఆ మాట వెనుక ఏముందో ఊరందరికీ తెలుసు. వేసవిలో ఇంటి యజమాని పోయాడు. లేదా ఎదిగిన కుమారుడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. మరణం జరిగిన ఇంట్లో ఆ సంవత్సరం పండుగ చేయకపోవడం మన తెలుగు కుటుంబాలలో తరతరాల అలవాటు. సంఘంలో చేరినా ఈ అలవాటు మనలో చాలామందిని విడువలేదు.

చావు ఒక్కటే కాదు, వేరే చీకట్లు కూడా ఉన్నాయి. ఇంటి పెద్ద పట్నం ఆసుపత్రిలో మంచంమీద ఉంటాడు. భార్య అతని దగ్గర, పిల్లలు నాయనమ్మ దగ్గర. కూతురి కాపురం చెదిరి, ఆమె బిడ్డను ఎత్తుకొని పుట్టింటికి వచ్చి ఉంటుంది. ఇక మన కోస్తా రైతు ఇంటి చీకటి సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. సార్వా కోతలు, తుపానులు, క్రిస్మస్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది ప్రాణాలు తీసింది. అప్పటికి క్రిస్మస్ ఇంకా ముప్ఫై ఆరు దినాలే ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పండుగకు సరిగ్గా ఇరవై దినాలు. కోసిన పనలు నీట నాని మొలకలు వచ్చే వేళ, కౌలు ఎలా కట్టాలో తెలియని ఇంట్లో, రంగు కాగితాల మాట ఎవరు ఎత్తుతారు?

ఇటువంటి ఇంటివారికి వీధి అలంకరణ రెండు విధాలుగా కనిపించవచ్చు. ఒకటి, గుండెల్లో ముల్లుగా: "లోకమంతా సంతోషిస్తోంది, నా ఇల్లే చీకటయింది" అని. రెండవది, చలిలో ఎవరో కప్పిన దుప్పటిగా: "నేను వెలిగించలేకపోయాను, అయినా నా వాకిట్లో వెలుగు పడుతోంది" అని. నక్షత్రం అదే, వీధి అదే. మరి ఈ రెండింటికి తేడా ఎక్కడ వస్తుంది? కొంత చూచేవారిలోను, కొంత తగిలించేవారిలోను వస్తుంది. ఇద్దరికీ చెప్పవలసిన మాట ఉంది.

ఒకే అధ్యాయంలో రెండు

ముందుగా వాక్యం దగ్గరకు వెళదాం. మనం గడలకు ఎత్తే నక్షత్రం మత్తయి సువార్త రెండవ అధ్యాయంలోనిది. తూర్పు దేశపు జ్ఞానులకు ఆ నక్షత్రం మళ్ళీ కనబడినప్పుడు వారికి పట్టలేని సంతోషం కలిగిందని పదవ వచనం చెబుతుంది. మన క్రిస్మస్ కార్డులు, సండేస్కూలు నాటికలు ఎక్కువగా ఇక్కడితో ఆగిపోతాయి. కాని అధ్యాయం ఆగదు. పేజీ తిప్పక ముందే యోసేపు రాత్రివేళ లేచి, తల్లిని బిడ్డను తీసుకొని ఐగుప్తుకు వెళ్ళిపోతాడు. పదహారవ వచనంలో హేరోదు మనుషులు బేత్లెహేముకు వస్తారు. రెండేళ్ళు, అంతకు తక్కువ వయస్సున్న మగబిడ్డలను చంపుతారు. రామాలో వినబడిన ఏడుపును, తన పిల్లలకోసం ఏడుస్తూ ఎవరి ఓదార్పునూ ఒప్పుకోని రాహేలును, యిర్మీయా ప్రవక్త చెప్పినట్లుగా సువార్తికుడు అక్కడ జ్ఞాపకం చేస్తాడు.

ఇరవై మూడు వచనాల ఒక్క అధ్యాయంలో నక్షత్రం చూచి సంతోషించినవారూ ఉన్నారు, ఓదార్పు వద్దన్న తల్లులూ ఉన్నారు. మత్తయి ఒకరి కోసం మరొకరిని దాచలేదు. ఏడ్చే తల్లిని గద్దించలేదు, సంతోషించిన జ్ఞానులను తప్పు పట్టలేదు. ఆ నక్షత్రం ఉదయించినప్పుడు సింహాసనంమీద ఉన్నది హేరోదే. లోకంలో దుఃఖం తీరిన తరువాత ఉదయిద్దామని అది ఆగలేదు.

అందువలన దుఃఖం ఉన్న సంవత్సరంలో క్రిస్మస్ మనది కాదని అనుకోనవసరం లేదు. మొదటి క్రిస్మస్ కూడా అటువంటి సంవత్సరంలోనే వచ్చింది.

తల్లిదండ్రులకు దూరంగా నక్షత్రాలు చేసిన పిల్లలు

నేడు ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందిన ఒక క్రిస్మస్ నక్షత్రం ఉంది. అన్ని దిక్కులకూ కొనలు పొడుచుకొని వచ్చిన గుండ్రని కాగితపు నక్షత్రం. దాన్ని మొరేవియన్ నక్షత్రమని, హెర్న్‌హూట్ నక్షత్రమని పిలుస్తారు. అది పుట్టింది తూర్పు జర్మనీ ప్రాంతంలోని మొరేవియన్ సంఘపు బడులలో. పంతొమ్మిదవ శతాబ్దం మొదటి భాగంలో, నీస్కీ అనే ఊరి బడిలో, లెక్కల పాఠంగా దాన్ని చేయించారు. త్రికోణాలు, చతురస్రాలు పిల్లలకు బోధపడడానికి కాగితపు కొనలు మడిచి అతికించడం నేర్పారు. ఆ శతాబ్దం చివరిలో, అదే సంఘానికి చెందిన వెర్బేక్ అనే కుటుంబంవారు దాన్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పటికీ హెర్న్‌హూట్‌లో ఆ నక్షత్రాలు తయారవుతున్నాయి.

ఆ బడులలో ఉన్న పిల్లలు ఎవరో తెలిస్తే ఆ నక్షత్రం మనకు మరింత దగ్గరవుతుంది. వారిలో చాలామంది మిషనరీల బిడ్డలు. తండ్రి, తల్లి సముద్రాలకు అవతల దూరదేశాలలో పరిచర్యలో ఉంటే, పిల్లలు స్వదేశంలోని వసతి గృహాలలో పెరిగేవారు. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెలలు పట్టే రోజులవి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారాన ఆ పిల్లలు నక్షత్రాలు కూర్చి, లోపల దీపం పెట్టి, తాముండే గదులలో వేలాడదీసేవారు. ఇంటికి పోలేని పిల్లలు ఉన్నచోటనే ఒక వెలుగు కట్టుకొన్నారు.

ఈ కథ మన గోదావరి జిల్లాల పల్లెలకు, కడప జిల్లా పల్లెలకు కొత్త కాదు. కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేసే తల్లులు మనలో ఎంతమంది! అక్కడ అమ్మ ఎవరి బిడ్డనో జోకొడుతుంటే, ఇక్కడ అమ్మమ్మ ఒడిలో ఆమె బిడ్డ పెరుగుతుంది. డిసెంబరు వచ్చేసరికి ఫోనులో, "అమ్మా, ఈసారైనా వస్తావా?" అనే ప్రశ్న. అటువంటి బిడ్డ చేతికి నాలుగు వెదురు బద్దలు, కాస్త జిగురు ఇచ్చి, "రా నాన్నా, మీ అమ్మకు చూపిద్దాం" అని పొరుగింటి మామయ్య పిలిస్తే, ఆ సాయంత్రం ఎంత మారిపోతుందో చూడండి. నక్షత్రం వెలిగాక వీడియో కాల్‌లో తల్లి చూస్తుంది. బిడ్డకు తల్లి లేని లోటు కాగితపు నక్షత్రంతో తీరదు. కాని ఆ రాత్రి ఆ బిడ్డ ఒంటరివాడు కాదు.

కిటికీ బయట చెట్టు

క్రిస్మస్ చెట్టుకు విద్యుత్ దీపాలు మొట్టమొదట కట్టినవాడు ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ అని చెబుతారు. 1882లో న్యూయార్కులోని తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల 80 బల్బులతో ఒక చెట్టును అలంకరించాడు. అది ఇంటి లోపలి చెట్టు, ధనికుల గదిలోని వింత. ఆరుబయట, వీధిలో వారందరికీ కనబడేలా దీపాలు పెట్టడం గురించి అమెరికాలోని డెన్వరు నగరంవారు మరొక కథ చెప్పుకొంటారు.

1914వ సంవత్సరంలో, ఆ ఊళ్ళో స్టర్జన్ అనే ఎలక్ట్రీషియన్ ఇంట్లో పిల్లవాడు జబ్బుపడ్డాడు. మేడమీది గదిలోనుండి కిందికి దిగి క్రిస్మస్ చెట్టును చూడలేని స్థితి. అప్పుడు స్టర్జన్ కొన్ని బల్బులను ఎర్ర రంగులోను, పచ్చ రంగులోను ముంచి ఆరబెట్టి, తీగకు గుచ్చి, పిల్లవాడి కిటికీకి ఎదురుగా పెరట్లో ఉన్న చెట్టుకు కట్టాడు. పిల్లవాడు మంచంమీదినుండే చూచాడు. ఆ వెలుగు ఆ కిటికీకి మాత్రమే కనబడి ఊరుకోలేదు. దారిన పోయేవారు ఆగి చూచారు. దూరంనుండి బండ్లమీద వచ్చి చూచారు. తరువాతి సంవత్సరాలలో పొరుగువారు తమ ఇళ్ళముందు కూడా కట్టారు. నగరమంతా దీపాలతో అలంకరించుకోవడం ఆ ఊరికి ఒక ఆచారమయింది.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉంది. స్టర్జన్ పండుగ గొప్పకోసం కట్టలేదు. మంచం దిగలేని ఒక్కరి కోసం కట్టాడు. కిటికీ ఎక్కడుందో చూచుకొని కట్టాడు. ఊరంతా సంతోషించింది, నిజమే. కాని మొదట అది ఒక్కరికోసం.

మన జ్ఞాపకంలోనే ఇటువంటిది మరొకటి జరిగింది. 2020 మార్చిలో కొవిడ్ వ్యాధి వలన దేశాలకు దేశాలే తలుపులు మూసుకొన్నప్పుడు, అమెరికాలో చాలామంది పెట్టెల్లో సర్దిన క్రిస్మస్ దీపాలను తీసి మళ్ళీ ఇళ్ళ ముందు వెలిగించారు. అప్పుడు క్రిస్మస్ కాదు, వసంతకాలం. ఎందుకు వెలిగించారు? ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళే వీలు లేదు. చేయి పట్టుకొని పలకరించే వీలు లేదు. "మేమున్నాం" అని చెప్పడానికి వీధిలో వెలుగు ఒక్కటే మిగిలింది. అదే సంవత్సరం డిసెంబరులో మన ప్రాంతాలలో కూడా చాలాచోట్ల కేరల్స్ బృందాలు ఇంటింటికి తిరగలేకపోయాయి. కొన్ని ఇళ్ళలో అప్పటికే ఖాళీ కుర్చీలు ఉన్నాయి. ఆ ఏడాది గడకు ఎత్తిన నక్షత్రాన్ని అలంకారంగా కాక, పలకరింపుగా చూచినవారు చాలామంది.

చూడడం కూడా పండుగే

ఇప్పుడు, ఈ సంవత్సరం గడ ఎత్తలేని మీకు ఒక మాట.

పొరుగింటి నక్షత్రాన్ని చూచి ఒక్క క్షణం మీ మనస్సు తేలికపడితే, దానికి సిగ్గుపడకండి. "ఆయన పోయి ఆరు నెలలు కాలేదు, నాకు నవ్వు ఎలా వచ్చింది?" అని మన స్త్రీలు తమను తామే నిందించుకోవడం మనం వింటుంటాం. పోయినవారిమీద ప్రేమకు ఏడుపు ఒక్కటే గుర్తు కాదు. ఆయన ఏటేటా గడ ఎత్తిన చేతులను తలచుకొని, అదే వీధిలో మరొకరు ఎత్తిన నక్షత్రాన్ని చూచి కన్నీటితోనే నవ్వితే, అది ఆయనను మరచిపోవడం కాదు. ఆయన పెట్టిన అలవాటు ఇంకా బ్రతికి ఉన్నదని సంతోషించడం.

లూకా సువార్త రెండవ అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి మనకు కనబడుతుంది. పెళ్ళి అయిన ఏడేళ్ళకే భర్తను పోగొట్టుకొని, వృద్ధాప్యం వరకు విధవరాలిగా ఉన్న స్త్రీ. దేవాలయంలో ఒక పేద దంపతులు తమ బిడ్డను తెచ్చినప్పుడు ఆమె అక్కడికి వచ్చింది. అది ఆమె బిడ్డ కాదు, ఆమె ఇంటి వేడుక కాదు. అయినా చూచింది, దేవునికి కృతజ్ఞతలు చెప్పింది, కనిపెట్టుకొని ఉన్న వారందరితో ఆ బిడ్డను గూర్చి మాట్లాడింది. ఇంకొకరి ఒడిలోని వెలుగును తన వెలుగుగా స్వీకరించిన విధవరాలు ఆమె. క్రిస్మస్ కథలో ఆమెకు చోటు ఉన్నదంటే మీకూ ఉన్నది.

అందుచేత మీరు చేయగలిగినవి చిన్నవి కొన్ని ఉన్నాయి. సాయంత్రం తలుపు మూసుకొని కూర్చోకుండా, అరుగుమీద పది నిమిషాలు కూర్చోండి. పిల్లలుంటే వారి చేయి పట్టుకొని ఒకసారి వీధి చివరి వరకు నడవండి. ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్కపెట్టమనండి. పిల్లలకు దుఃఖంలోనుండి అప్పుడప్పుడు బయటకు రావడం అవసరం. మీరు తీసుకువెళ్ళకపోతే, మీకు బాధ కలుగుతుందని వారు అడగరు. పెద్ద నక్షత్రం కట్టే ఓపిక లేకపోతే కిటికీలో చిన్న దీపం పెట్టండి. అదీ చేతకాకపోతే మానేయండి. నక్షత్రం లేనందువలన ప్రభువు మీ గడప దాటి వెళ్ళిపోడు.

మరొక మాట. చూచినప్పుడు ఓదార్పు కలుగక, దుఃఖం ఎక్కువైతే? లోపలికి వెళ్ళి ఏడవండి. ఆ ఏడుపు అవిశ్వాసం కాదు. పాశ్చాత్య దేశాలలో కొన్ని సంఘాలు డిసెంబరు 21 ప్రాంతంలో, సంవత్సరంలోకెల్లా దీర్ఘమైన రాత్రి వచ్చే రోజులలో, దుఃఖంలో ఉన్న వారికోసమే ప్రత్యేకంగా నిదానమైన ఆరాధన జరుపుతున్నాయి. పోయినవారిని తలచుకొని కొవ్వొత్తులు వెలిగిస్తారు. సంతోషంగా కనబడాలని ఎవరినీ బలవంతం చేయరు. మన సంఘాలలోను ఒక సాయంత్రం అటువంటి ప్రార్థన పెట్టుకొంటే ఎంతోమందికి ఆదరణగా ఉంటుంది. కాపరులు, స్త్రీల సమాజపువారు దీనిని ఆలోచించాలి.

తగిలించే వారికి

ఇక గడ ఎత్తగలిగిన ఇళ్ళవారికి, యవ్వనస్థులకు ఒక మాట.

దుఃఖించే వాని యెదుట పాటలు పాడడం, చలిరోజున ఒంటిమీది బట్ట తీసివేయడం వంటిదని సామెతల గ్రంథం ఇరవై ఐదవ అధ్యాయం హెచ్చరిస్తుంది. రెండు అధ్యాయాల తరువాత మరొక మాట ఉంది: తెల్లవారకముందే లేచి పెద్ద గొంతుతో స్నేహితుణ్ణి దీవిస్తే, ఆ దీవెన శాపంగా లెక్కకు వస్తుందట! మైకు సెట్టు లేని కాలంలోనే జ్ఞాని ఇలా అన్నాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు గుడిమీది హారన్లు ఊదరగొట్టే మన పేటలను చూస్తే ఏమనేవాడో! వెలుగు మౌనంగా ఓదారుస్తుంది. చూడలేనివాడు కళ్ళు మూసుకోగలడు. శబ్దానికి చెవులు మూసుకోవడం రోగికి, బాలింతకు, నిద్రపట్టని విధవరాలికి చేతకాదు. కాబట్టి వెలుగు పెంచండి, చప్పుడు తగ్గించండి.

సంతోషించేవారితో సంతోషించమని, ఏడ్చేవారితో ఏడవమని పౌలు రోమా సంఘానికి ఒకే వాక్యంలో వ్రాశాడు. మన వీధిలో ఈ రెండు పనులూ ఒకేసారి పడతాయి. ఎలా చేయాలి? నెహెమ్యా గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో ఒక దారి ఉంది. ధర్మశాస్త్రం విని ప్రజలు ఏడుస్తుంటే, ఇది పరిశుద్ధ దినం, దుఃఖపడవద్దు, వెళ్ళి భోజనం చేయండి అని నాయకులు చెప్పారు. అంతటితో వదిలిపెట్టలేదు. ఎవరింట ఏమీ సిద్ధం కాలేదో వారికి వంతులు పంపమన్నారు. సంతోషించమని చెప్పినవారే సంతోషానికి కావలసినది ఇంటికి పంపించారు. అదే సరియైన పద్ధతి.

క్రిస్మస్ రోజున వండినది పొరుగింటికి పంపడం మన పల్లెల్లో ఉన్నదే. అదే విధంగా వెలుగులో కూడా వంతు పంపవచ్చు. మీ ఇంటికి ఒక నక్షత్రం చేసేటప్పుడు మరొకటి చేయండి. చీకటి ఇంటికి వెళ్ళి, ఊరక తగిలించి రాకుండా, అడగండి: "పిన్నీ, బాబాయి ఉన్నప్పుడు గడ ఎత్తేవాడు కదా. ఈసారి మేం ఎత్తమంటావా, లేక వద్దా?" ఎత్తమంటే ఎత్తండి. వద్దంటే నొచ్చుకోకండి. మీ నక్షత్రాన్నే వారి వాకిట్లోకి వెలుగు పడేటట్టు ఆ వైపుకు కాస్త తిప్పి కట్టండి. డెన్వరులో స్టర్జన్ కిటికీ చూచుకొని కట్టినట్టు.

కేరల్స్ బృందం ఆ ఇంటిని దాటి వెళ్ళకూడదు. "దుఃఖంలో ఉన్నారులే" అని దాటిపోతే, వారు మరింత ఒంటరులవుతారు. డప్పు, డ్రమ్ము పక్కన పెట్టి, ఒక నెమ్మదైన కీర్తన పాడి, పోయినవారి పేరు చెప్పి ప్రార్థించి రండి. పోయినవారి పేరు ఎత్తితే ఏడుస్తారేమోనని మనం భయపడతాం. నిజానికి ఆ పేరు ఎవరూ ఎత్తకపోవడమే వారిని ఎక్కువ బాధిస్తుంది.

వీధి మనది ఒక్కరిదే కాదని కూడా గుర్తుంచుకొందాం. మన పొరుగున వేరు మతాలవారున్నారు. మన నక్షత్రాన్ని వారి పిల్లలు ఆగి చూస్తారు. మూడు వారాలు తిరగకుండానే సంక్రాంతికి వారి వాకిళ్ళలో రంగుల ముగ్గులు పరచుకొంటాయి. దుఃఖంలో ఉన్న మనవాళ్ళు ఆ ముగ్గును చూచి ఒక క్షణం నిలబడితే, అదీ పొరుగువారి మంచితనమే.

పది బద్దలు, ఐదు పుల్లలు

కాస్త పని సంగతి కూడా చెప్పుకొందాం. దుకాణంలో దొరికే మడత నక్షత్రాలు, సీరియల్ సెట్లు కొనగలిగినవారు కొనవచ్చు. అలంకరణకోసం అప్పు మాత్రం చేయవద్దు. చేతితో చేసిన నక్షత్రానికి ఉన్న విలువ వేరు. దుఃఖంలో ఉన్న ఇంటి పిల్లలను పిలిచి కూర్చోబెట్టుకోవడానికి అంతకంటే మంచి పని లేదు. చేతులు పనిలో ఉంటే పిల్లలు మనస్సులో మాట చెబుతారు.

రెండు మూరల పొడవున్న సన్నని వెదురు బద్దలు పది కావాలి. ఐదు బద్దలతో ఒక నక్షత్రం, మరో ఐదింటితో రెండవది. కొనల దగ్గర, బద్దలు ఒకదానినొకటి దాటే చోట దారంతో బిగించాలి. రెండింటిని ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలనూ కలిపి కట్టాలి. తరువాత జానెడు పుల్లలు ఐదు తీసుకొని, మధ్యనున్న ఐదు మూలల దగ్గర రెండు చట్రాల నడుమ నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. మైదా పిండి ఉడికించిన జిగురుతో పలుచని రంగు కాగితం అంటించి, వెనుకవైపు బల్బు పెట్టడానికి చోటు వదలాలి. కొనలకు కత్తిరించిన కాగితపు కుచ్చులు కడితే పని పూర్తి.

పూర్వం లోపల కొవ్వొత్తి పెట్టేవారు, కాగితం అంటుకొనేది. తరువాత 60 వాట్ల బల్బు వచ్చింది. అది కాగితాన్ని వేడెక్కించేది, కరెంటూ లాగేది. రోజుకు ఆరు గంటల చొప్పున డిసెంబరు నెలంతా వెలిగిస్తే ఆ బల్బుకు సుమారు 11 యూనిట్లు ఖర్చవుతుంది. అదే లెక్కన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు రెండు యూనిట్లు కూడా కావు. కాబట్టి ఒక పేద ఇంటి నక్షత్రాన్ని నెలంతా వెలిగించే ఖర్చు మనలో ఎవరైనా భరించగలరు.

జాగ్రత్తలు మరువకండి. గడ ఎత్తే ముందు పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. పచ్చి వెదురు, తడిసిన వెదురు కరెంటును లాగుతుంది; లైను కింద గడ ఎత్తవద్దు. అతుకులున్న వైరుకు టేపు చుట్టకుండా మంచులో వదలవద్దు. స్తంభానికి కొక్కెం తగిలించి వెలిగించిన నక్షత్రం ప్రభువుకు మహిమ తేదు. ఒక ఇంటి దుఃఖాన్ని తేలిక చేయబోయి మరో ఇంటికి దుఃఖం తేకూడదు.

వీధిలో ఎవరు లేరో చూడండి

ప్రియ పాఠకులారా, ఈ నెల మీ నక్షత్రం గడకెక్కిన సాయంత్రం ఒక్కసారి వీధిలోకి వెళ్ళి నిలబడండి. మీ నక్షత్రం ఎంత బాగుందో చూచుకోవడానికి కాదు. ఏ ఇంటిమీద వెలుగు లేదో చూడడానికి. ఆ ఇంటి తలుపు తట్టండి. ఏమి మాట్లాడాలో తెలియకపోతే, కాసేపు వారి అరుగుమీద ఊరక కూర్చోండి.

ఈ సంవత్సరం తలుపు తట్టే చోట కాక, లోపల ఉన్నవారు మీరే అయితే, తలుపు తీయండి. వచ్చే సంవత్సరం గడ ఎత్తే బలం దేవుడు మీకు ఇవ్వవచ్చు. అప్పుడు మరొకరి చీకటి వాకిలి ఎటువైపు ఉన్నదో మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అంతవరకు పొరుగింటి నక్షత్రం మీదే అనుకోండి. దానిని అక్కడ కట్టినవారు మీ పొరుగువారే కావచ్చు. వెలుగు మాత్రం కట్టినవారికే పరిమితం కాదు, కనబడిన వారందరిదీ.